షాన్ ఓ రియద
షాన్ ఓ రియద (ఆగష్టు 1, 1931 - అక్టోబరు 3, 1971) ఐర్లండుకు చెందిన స్వరకర్త. ఐరిష్ భాషా డాక్యుమెంటరీ చిత్రాలకు కూర్చిన సంగీతం ద్వారా ప్రసిద్ధుడయ్యాడు.

ఇతడు కార్క్ నగరంలో జాన్ రీడీ అనే పేరుతో జన్మించాడు. ఇంగ్లీషు వ్యవహారంలో ఉన్న అడేర్ గ్రామంలో పెరిగి, 1952లో సంగీతంలో పట్టా పొందాడు. మొదట పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వైపే మొగ్గాడు. 1955 నుండి డబ్లిన్‌లోని ఆబే థియేటరులో సంగీత దర్శకునిగా పనిచేశాడు. ఆ దశకంలోనే కెర్రీ తీరంలో ఐరిష్ మాట్లాడే పల్లెల్లో గడిపి భాషపై పట్టు సాధించాడు. పేరును కూడా ఐరిష్ రూపంలోకి మార్చుకున్నాడు.

జార్జ్ మోరిసన్ దర్శకత్వంలో గేల్ లిన్ సంస్థ నిర్మించిన మిషె ఏరె (నేను ఐర్లండును) 1959లో విడుదలైంది. 1916 తిరుగుబాటును చూపే ఈ చిత్రాన్ని పాత వార్తాచిత్రాల నుండి కూర్చారు. వ్యాఖ్యానమంతా ఐరిష్‌లోనే ఉంటుంది. ప్రేక్షకులలో చాలామందికి ఆ భాష బడిలో నేర్చినంత మేరకే తెలుసు. అందువలన భావాన్ని చేరవేసే భారం చాలావరకు సంగీతంపై పడింది. రోషీన్ డువ్ అనే పాత పాట వరుసను ఓ రియద పూర్తిస్థాయి ఆర్కెస్ట్రాకు మలచాడు. భాష సరిగా రానివారికి సైతం ఆ చిత్రం తమదే అనిపించడానికి ఈ సంగీతమే ముఖ్య కారణమని చెప్పవచ్చు. దీని తరువాయి చిత్రం సీర్షె (స్వేచ్ఛ) 1961లో వచ్చింది.

1963లో కార్క్ విశ్వవిద్యాలయ కళాశాలలో అధ్యాపకుడై, తరువాత కుటుంబంతో సహా ఐరిష్ మాతృభాషగా గల కూల్ ఈ గ్రామానికి తరలిపోయాడు. అక్కడి పురుషులతో గాయక బృందాన్ని ఏర్పరచి, వారి కోసం ఐరిష్‌లో ప్రార్థనా సంగీతం రచించాడు. కాలేయ వ్యాధితో 40వ యేట లండన్‌లో మరణించాడు. గాయక బృందం బాధ్యతను కుమారుడు పాదర్ స్వీకరించాడు.