32 మందిలో ఒక్కరు: పూణే మున్సిపాలిటీలో మహాత్మా ఫూలే



ఏటా ఏప్రిల్ 11న మన హాస్టళ్ళలో జ్యోతిరావు ఫూలే ఫోటోకు దండ వేస్తాం. సావిత్రిబాయితో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టిన మహనీయుడని పిల్లలు చక్కగా చెబుతారు. ఆయన పూణే మున్సిపాలిటీలో సభ్యుడిగా కూడా పనిచేశారన్న సంగతి చాలామందికి తెలియదు. మీలో కొందరు ఇప్పటికే వార్డు మెంబర్లుగా, సర్పంచులుగా ఉన్నారు. ఇంకొందరు రేపు పోటీకి దిగుతారు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితంలోని ఆ భాగాన్ని మీకు చెబుతున్నాం.

ఫూలే 1827లో పుట్టారు. వారిది పూలు, కూరగాయలు పండించే మాలీ కుటుంబం. పసితనంలోనే తల్లి చనిపోయింది. 1848లో పూణేలో బాలికల బడి మొదలుపెట్టారు. ఆ పని మానలేదని భార్యాభర్తలిద్దరూ తండ్రి ఇల్లు విడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1868లో తన ఇంటి నీళ్ళ తొట్టిని అంటరానివారికి తెరిచారు. 1873లో సత్యశోధక్ సమాజాన్ని స్థాపించారు. బతుకుతెరువుకు కాంట్రాక్టు పనులు చేసేవారు.

1876లో ఆయన్ను పూణే మున్సిపాలిటీ సభ్యుడిగా నియమించారు. అప్పట్లో వార్డుల్లో ఇప్పటిలా అందరికీ ఓట్లు లేవు. ప్రభుత్వం ఎవరిని నియమిస్తే వారే సభ్యులు. కాబట్టి ప్రభుత్వానికి నచ్చని మాట అనడానికి సభ్యులు వెనకాడేవారు. ఫూలేకైతే కాంట్రాక్టు పనులు కూడా పోవచ్చన్న భయం ఉండాలి. అయినా ఆయన ఆరేళ్ళకు పైగా ఆ పదవిలో ఉండి, చెప్పదలచుకున్నది చెప్పారు.

ఆయన సభ్యుడైన ఏడాదే దక్కనులో పెద్ద కరువు మొదలైంది. సత్యశోధక్ సమాజం తరఫున పూణే దగ్గర ధన్‌కవడిలో కరువు పిల్లలకు అన్నం పెట్టే ఆశ్రమం నడిపించారు. హాస్టల్ నడిపే మాకు ఆ పని ఎంత కష్టమో తెలుసు.

1880లో నగరంలో సారా దుకాణాలు పెరుగుతుంటే ఫూలే మున్సిపాలిటీకి లేఖ రాశారు. జనం ఆరోగ్యం చూడమని ఇన్‌స్పెక్టర్లను పెట్టుకున్న మున్సిపాలిటీ, అదే జనం ఆరోగ్యాన్నీ సంసారాలనూ పాడుచేసే దుకాణాలను ఎలా ఊరుకుంటుందన్నది ఆయన వాదన. తాగుడు ఒక ఇంటిని ఏం చేస్తుందో మన గూడేల్లో పుట్టిన ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

అదే ఏడాది వైస్రాయ్ పూణే వస్తున్నారని కబురొచ్చింది. నగరాన్ని అలంకరించడానికి 1000 రూపాయలు ఖర్చు చేద్దామని మున్సిపాలిటీలో ప్రతిపాదన పెట్టారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఆ డబ్బు పేద పిల్లల చదువుకు ఖర్చు చేస్తే మేలని ఫూలే అన్నారు. ఓటింగు జరిగింది. 32 మంది సభ్యుల్లో వ్యతిరేకించింది ఆయన ఒక్కరే. తీర్మానం నెగ్గింది, ఫూలే ఓడిపోయారు.

ఓడినా ఆ మాట వదల్లేదు. 1882లో విద్య మీద విచారణకు వచ్చిన హంటర్ కమిషన్‌కు వినతిపత్రం ఇచ్చారు. రైతుల పన్నులతో పైవర్గాల పిల్లలకు పెద్ద చదువులు చెప్పిస్తున్నారని, ఆ రైతుల పిల్లలకు మాత్రం బడే లేదని అందులో చూపించారు. కనీసం 12 ఏళ్ళ వరకు ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని అడిగారు. అడవుల్లో ఉండే భిల్లులు, కోళీలు కూడా చదువుకుని అందరితో సమానంగా నిలవనిదే ఇది ఒక దేశం కాదన్నది ఆయన నమ్మకం.

పూణేలో పెద్ద మార్కెట్ భవనం కట్టాలన్నప్పుడు కూడా, ముందు ఆ డబ్బు బళ్ళకు పెట్టమని ఫూలే వాదించారు. ఆ మాటా నెగ్గలేదు. 1886లో భవనం తెరిచి, అప్పటి గవర్నర్ రే పేరు పెట్టారు. దశాబ్దాల తర్వాత ఆ పేరు మార్చారు. ఈరోజు ఆ కూరగాయల మార్కెట్ పేరు మహాత్మా ఫూలే మండై.

1888లో బొంబాయి ప్రజలు ఆయనకు మహాత్మా బిరుదు ఇచ్చారు. ఆ ఏడాదే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే, ఎడమచేత్తో చివరి పుస్తకం రాశారు. 1890 నవంబర్ 28న కన్నుమూశారు.

ఒక మాట ఒప్పుకోవాలి. పెద్ద అధికారి హాస్టల్‌కు వస్తున్నారంటే మేమూ ముందు ముగ్గులు, దండలు, శాలువాల గురించే ఆలోచించేవాళ్ళం. ఇప్పుడు శాలువా డబ్బుతో పిల్లలకు నోటు పుస్తకాలు కొంటున్నాం. చిన్న పనే, అయినా మొదటిసారి చెప్పడానికి గొంతు వణికింది.

మీకు మాకంటే ఎక్కువ అవకాశం ఉంది. ఫూలేకు లేని ఓటర్ల బలం మీకుంది. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యాన్ని అదుపు చేసే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. కానీ తీర్మానాల పుస్తకంలో చదవకుండా సంతకం పెడితే ఆ చట్టం మన ఊరికి రాదు. మీటింగుకు వెళ్ళండి. డబ్బు దేనికి ఖర్చవుతుందో అడగండి. తప్పనిపిస్తే, పక్కన ఎవరూ లేకపోయినా చెయ్యెత్తండి. మీ వ్యతిరేకతను పుస్తకంలో రాయించండి.

జోహార్ మహాత్మా జ్యోతిరావు ఫూలే!