దసరా నాటి ఒక్క నిమిషం

దసరా దగ్గరపడిందంటే మన ఇళ్ళల్లో కొంచెం ఇబ్బందే. ఊరంతా పండగ సందడి. పిల్లలు కొత్త బట్టలడుగుతారు, చేతిలో చూస్తే పైసలుండవు. ఆ ఏడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అట్లాంటివాళ్ళ కోసం బాబాసాహెబ్ జీవితంలోంచి ఒక్క నిమిషం సంగతి చెప్పుకుందాం. ఆ నిమిషం వెనక చాలా ఏళ్ళున్నాయి.

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టాడు. తల్లి భీమాబాయి చిన్నప్పుడే పోయింది. మేనత్త మీరాబాయి పెంచింది. తండ్రి రాంజీ సుబేదారు పట్టాళంలో పనిచేసి, పింఛనుతో ఇల్లు నడిపినవాడు. బొంబాయి పరేల్‌లో ఒకే గదిలో కాపురం. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండు గంటలకు లేపి చదువుకు కూర్చోబెట్టేవాడు.

కొడుకు పుస్తకం కావాలంటే ఆయన కాదన్నది లేదు. డబ్బులు లేకపోతే పెళ్ళయిన కూతురి దగ్గరికి అప్పుకు పోయేవాడు. చిన్న కూతురి దగ్గర లేకపోతే పెద్ద కూతురి దగ్గరికి. ఆమె దగ్గరా రొక్కం లేకపోతే ఒంటిమీది నగ తీసిచ్చేది. అది తాకట్టు పెట్టి పుస్తకం కొనేవాడు, పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు. బాబాసాహెబ్ చదువు అనగానే మనకు కొలంబియా, లండన్ గుర్తొస్తాయి. ఆ అక్కల నగలు కూడా గుర్తుండాలి కదా!

1913లో బరోడా సంస్థానంలో కొలువుకు చేరిన కొద్దిరోజులకే నాన్నకు బాగాలేదని తంతి వచ్చింది. రైలెక్కి బయల్దేరాడు. నాన్న కోసం మిఠాయి కొందామని సూరత్‌లో దిగాడు. కొని వచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది. మర్నాడు ఇల్లు చేరేసరికి రాంజీ ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు, అంతే. అది ఫిబ్రవరి 2. ఆ మిఠాయి ఏమైందో గానీ, తండ్రి రుణం మాత్రం ఆయన మరిచిపోలేదు. పదేళ్ళకు, 1923లో, రూపాయి సమస్యపై రాసిన పుస్తకాన్ని తన చదువు కోసం చేసిన త్యాగాలకు కృతజ్ఞతగా తల్లిదండ్రుల జ్ఞాపకానికే అంకితమిచ్చాడు.

ఇక 1956కు వద్దాం. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగక మంత్రి పదవి వదిలి ఐదేళ్ళయింది. 1952లో బొంబాయిలో, 1954లో భండారాలో ఎన్నికల్లో ఓడిపోయాడు. మధుమేహం ఒంటిని తినేసింది, కాళ్ళ నొప్పులు, చూపు మందగించింది. కష్టకాలమంటే ఇంతకన్నా ఏముంటుంది? అయినా అశోక విజయదశమిని ఎంచుకుని, అక్టోబరు 14న నాగపూర్ పిలిచాడు.

జనం లక్షల్లో వచ్చారు. ఉన్న చిన్నా చితకా వస్తువులు అమ్ముకుని, తెల్ల చీర, తెల్ల చొక్కా కొనుక్కుని వచ్చినవాళ్ళున్నారు. అంతమంది పేదలకు అది సొంత పండగ. బాబాసాహెబ్ తెల్లటి పట్టుపంచె, తెల్లకోటుతో, చేతికర్ర ఊతంగా వేదికెక్కాడు. పక్కన సవితాబాయి. కుశీనగర్ నుంచి వచ్చిన వృద్ధ భిక్షువు చంద్రమణి మహాథేరో దీక్ష ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

దీక్షకు ముందు అంత జనమూ లేచి నిలబడింది. రాంజీ సుబేదారు జ్ఞాపకంగా ఒక నిమిషం మౌనం. నలభై మూడేళ్ళ కిందట పోయిన ఒక పింఛనుదారు కోసం, ఆయన్ని ఎన్నడూ చూడని లక్షలమంది! మంగళ సుత్తంలో బుద్ధుడు సంతృప్తినీ, కృతజ్ఞతనూ మంగళాల్లో చేర్చాడు. ఆ సుత్తం మన విహారాల్లో ఎన్నోసార్లు విన్నదే. నాకైతే అది కళ్ళకు కనబడేది ఆ మైదానంలోనే.

నిమిషం అయ్యింది, జనం కూర్చున్నారు. బాబాసాహెబ్ బుద్ధుని ప్రతిమ ముందు తల వంచాడు. చంద్రమణి మహాథేరో పాలీలో త్రిశరణాలు మొదలుపెట్టారు, ఆయన మరాఠీలో పలుకుతూ వచ్చాడు.