ఆడపిల్లల పెద్దదిక్కుకు జయంతి వందనం

జూలై 27 సంగం లక్ష్మీబాయి గారి పుట్టినరోజు. 1911లో ఘట్‌కేసర్‌లో పుట్టారు. నగరమంతా బోనాల సందడిలో ఉండే నెలలో వచ్చే ఈ తేదీని దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్, చంపాపేట, ఎల్బీనగర్ వాళ్లమంతా ఇంటి పెద్దావిడ పుట్టినరోజులా జరుపుకోవాలని నా కోరిక. ఆ రోజు ఇంట్లో పెద్దామెకు కొత్త చీర పెట్టి, పిల్లలందరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఆమె కథ చెప్పుకుంటాం. ఈ అమ్మ కథ కూడా అలా ఏటేటా చెప్పుకోదగిందే.

ఐ.ఎస్. సదన్ చౌరస్తా తెలియనివాళ్లు మన వైపు ఉండరు. సైదాబాద్ నుంచి సంతోష్‌నగర్ వెళ్లేవాళ్లూ, చంపాపేట మీదుగా సాగర్ రోడ్డు పట్టేవాళ్లూ అక్కడ ఆగాల్సిందే. ఇందిరా సేవా సదన్ అన్నది పూర్తి పేరు. దిక్కులేని పిల్లల కోసం లక్ష్మీబాయి గారు పెట్టిన ఇల్లు అది. ఆ ఇంటి పేరే చౌరస్తాకు, బస్‌స్టాపుకు, చివరికి మున్సిపల్ వార్డుకు కూడా నిలిచిపోయింది. నాయకుల పేర్లు పెట్టుకున్న కాలనీలు నగరంలో ఎన్నో ఉన్నాయి. ఒక అనాథ శరణాలయం పేరు ఇంత పెద్ద పేటకు గుర్తుగా మారడం నాకు గొప్పగా కనిపిస్తుంది.

ఆమె చదువుకున్న కాలంలో నిజాం రాజ్యంలో తెలుగు ఇంటి ఆడపిల్లకు చదువు అంత తేలిగ్గా దొరికేది కాదు. బడి భాష ఉర్దూ. తెలుగులో బాలికల బడి కోసం మాడపాటి హనుమంతరావు గారి లాంటివాళ్లు హైదరాబాదులో ఎంతో శ్రమపడాల్సి వచ్చింది. లక్ష్మీబాయి గారు సరిహద్దు దాటి గుంటూరు వెళ్లారు. అక్కడ ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో నెలకొల్పిన శారదా నికేతనంలో చేరారు. చదువూ, చేతిపనీ, దేశభక్తీ ఒకే ముంగిట్లో నేర్పిన చోటు అది. తర్వాత మద్రాసులో చదివారు, కర్వే మహిళా విశ్వవిద్యాలయం చదువూ అందుకున్నారు. విద్యార్థినిగా ఉండగానే సైమన్ కమిషన్ బహిష్కరణలో పాల్గొన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో దిగి ఏడాది జైలులో గడిపారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ రోజుల గురించి తర్వాత ఆమే ఒక పుస్తకం రాశారు.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చాలామంది ఒక్క ముక్కలో దాటేసే పని. ఉస్మానియా మహిళా కళాశాలలో ఆమె వార్డెన్. సాయంత్రానికి అందరూ వచ్చారా, ఎవరైనా అన్నం తినకుండా పడుకున్నారా, ఎవరికి జ్వరం, ఎవరికి ఇంటి మీద బెంగ అని చూసుకునే ఉద్యోగం అది. ఆమె జీవితమంతా ఆ ఉద్యోగమే చేశారని నేను అనుకుంటాను. ఆంధ్ర యువతీ మండలికి ఎనిమిదేళ్లు కోశాధికారిగా ఉన్నారు. ఆడవాళ్లు పోగుచేసుకున్న చందాల లెక్క ఎనిమిదేళ్లు ఒకరి చేతిలోనే ఉంచారంటే ఆ నమ్మకం ఎంతటిదో చూడండి.

ఇందిరా సేవా సదన్‌తో ఆమె ఆగలేదు. రాధికా ప్రసూతి గృహం, వాసు శిశు విహార్, మాశెట్టి హనుమంతు గుప్తా ఉన్నత పాఠశాల కూడా ఆమె స్థాపించినవే. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక ఉమ్మడి కుటుంబం కనబడుతుంది. కాన్పు దగ్గర తోడు, ఆటల వయసులో ఆలన, బడి ఈడు వచ్చాక చదువు, ఎవరూ లేకపోతే నీడ. ఇంట్లో అమ్మమ్మ చూసుకునేవన్నీ ఇవే. రక్తసంబంధం అడగకుండా ఆ బాధ్యతలన్నీ ఆమె నెత్తిన వేసుకున్నారు.

పదవులూ వచ్చాయి. 1952లో బాన్సువాడ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వంలో విద్యాశాఖ ఉపమంత్రి అయ్యారు. 1957, 1962లలో వికారాబాద్ ప్రజలు, 1967లో మెదక్ ప్రజలు, ఇలా వరుసగా మూడుసార్లు ఆమెను లోక్‌సభకు పంపారు. మన ఎల్బీనగర్‌కు పేరిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉన్న సభలో ఆమె సభ్యురాలు. అంతకుముందు, 1951లో, వినోబా భావే తెలంగాణలో చేసిన తొలి పాదయాత్రలో ఆమె ఆయన వెంట నడిచారు. ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే వచ్చే పోచంపల్లిలో ఆ ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి భూదానానికి నాంది పలికిన యాత్ర అదే.

1979లో ఆమె కన్నుమూశారు. ఆమె పేరు మోస్తున్న విద్యాపీఠం ఆడపిల్లలకు చదువు చెబుతోంది. ఇటు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో లేడీస్ హాస్టల్ బోర్డులు లెక్కకు అందవు. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, పాలమూరు నుంచి పచ్చడి డబ్బాలతో, పుస్తకాల సంచులతో దిగే అమ్మాయిల్ని చూస్తే నాకు గుంటూరు బయలుదేరిన ఆ ఘట్‌కేసర్ పిల్లే గుర్తొస్తుంది.

అమ్మా లక్ష్మీబాయి గారూ, మీకు పుట్టినరోజు శుభాకాంక్షలు. మీ పేరిట బడి నడుపుతున్న పంతులమ్మలకు, దిక్కులేని పిల్లలకు పొద్దున్నే లేచి వండిపెడుతున్న ప్రతి వంటమనిషికి, ఈ పేటలోని ప్రతి హాస్టల్ వార్డెన్‌కు మీ జయంతి నాడు మా అభినందనలు. ఈ జూలై 27న ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో దిగే ప్రతి తల్లీ తన పక్కనున్న పిల్లకు మీరెవరో చెప్పుగాక.