బడి పెట్టి, పత్రిక పెట్టి... మాదరి భాగ్యరెడ్డి వర్మ

పత్రిక నడపాలంటే ముందు చదివేవాళ్లు కావాలి. మరి తరతరాలుగా చదువే అందని వాడలకు పత్రిక నడపాలంటే? ముందు బడి పెట్టాలి. మన హైదరాబాదులో ఆ రెండు పనులూ చేసిన మహనీయుడు మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక పేద మాల కుటుంబంలో జన్మించారు. అసలు పేరు భాగయ్య. రెడ్డి అంటే రేడు, అంటే ఏలినవాడు అని చెప్పి కుటుంబ గురువు ఆయనకు భాగ్యరెడ్డి అని పేరు పెట్టారు. 1913లో ఆర్యసమాజం వారు వర్మ బిరుదు ఇచ్చారు. చిన్నప్పుడే తండ్రి చనిపోవడంతో ఒక బారిష్టరు ఇంట్లో పనిచేస్తూ, ఆయన ప్రోత్సాహంతో చదువు నేర్చుకున్నారు.

1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. అక్షరం రాని వారికి కాగితం మీద ఏం రాసినా ఏం లాభం? అందుకే మొదట హరికథలు చెప్పించారు. మన వాళ్లు ఇష్టంగా కూర్చుని వినే కథల్లోనే తాగుడు మానాలని, బాల్యవివాహాలు, జోగిని ఆచారం పోవాలని చెప్పారు. 1910 నుంచి బడులు ప్రారంభించారు. ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. ఆ బడులు క్రమంగా 26 అయ్యాయి. వాటిలో సుమారు 2,500 మంది చదువుకున్నారు.

1917లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. దానికి ఆయనే అధ్యక్షులు. పంచములంటే నాలుగు వర్ణాల బయటివాళ్లని అర్థం. ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్న మనల్ని ఎవరో బయట నిలబెట్టి పిలిచిన పేరుతో ఎందుకు పిలుచుకోవాలన్నది ఆయన ప్రశ్న. ఆ సభే ఆది ఆంధ్ర మహాసభగా మారింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు చేరింది.

అదే 1931లో ఆయన భాగ్యనగర్ పత్రిక ప్రారంభించారు. వెట్టి మాదిగ అనే కథను ఆయనే రాసి అందులో ప్రచురించారు. అంతవరకు పత్రికల్లో మన బతుకు చాలావరకు ఇతరులు చెబితే వచ్చేది. ఇక్కడ రాసేదీ మనమే, చదివేదీ మనమే, కథలో మనిషీ మనమే.

మిత్రులారా, ఒక్క సంగతి గమనించండి. ఆయన పుట్టింది మాల ఇంట్లో, రాసింది మాదిగ వెట్టి గురించి. ఆ కాలంలోనే మాల, మాదిగ నాయకుల మధ్య అభిప్రాయభేదాలు వచ్చాయి. వాటిని దాచవలసిన పని లేదు. నేటికీ ఆ చర్చ మన హాస్టల్ గదుల్లో జరుగుతూనే ఉంది. వాదించుకుందాం, తప్పు లేదు. కాని పక్క మంచం వాడి బాధ మనకు తెలియాలి. అది రాయగలగాలి కూడా.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లే. మన అల్మాస్‌గూడ నుంచి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటితే వచ్చే చాదర్‌ఘాట్‌లో ఆయన కృషితో వెలసిన ఆది హిందూ భవనం ఉంది. కోఠికి పుస్తకాల కోసం వెళ్లే మనలో ఎంతమంది అటు చూశాం?

మనలో చాలామందిమి మన ఇళ్లలో పేపరు చదవగలిగిన మొదటి మనుషులం. సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నలకు పేపరు చదివి వినిపిద్దాం. విని వాళ్లేమంటారో రాసి పెట్టుకుందాం. వచ్చే వార్షిక సంచికలో ఆ మాటలు అచ్చవ్వాలి.