సెలవు పెట్టని సెనేటర్

అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడ్డ ఆడవాళ్లు అనగానే అందరికీ ఇటీవలి పేర్లే గుర్తొస్తాయి. నాకైతే ముందు మార్గరెట్ ఛేజ్ స్మిత్ గుర్తొస్తుంది. అక్కడి ఒక పెద్ద పార్టీ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిత్వానికి ప్రతిపాదించిన మొదటి మహిళ పేరు ఆమెదే.

ఆమె పుట్టింది 1897లో, మెయిన్ రాష్ట్రంలోని స్కౌహీగన్ అనే చిన్న ఊళ్లో. ఆరుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి క్షురకుడు. హైస్కూలుతో చదువు ఆగింది. కొన్నాళ్లు టీచరు, తర్వాత టెలిఫోన్ ఆపరేటరు, ఆ పైన ఊరి పత్రికలో ఉద్యోగం. 1930లో క్లైడ్ స్మిత్‌ని పెళ్లాడింది. ఆయన ప్రతినిధుల సభకి ఎన్నికైతే ఆయన కార్యదర్శిగా పనంతా చూసుకుంది. 1940లో ఆయన గుండెజబ్బుతో పోయారు. ఆ స్థానంలో ఈమె గెలిచింది.

సానుభూతి ఓట్లు అని కొట్టిపారేయడం ఎంత తేలికో మనకి తెలియంది కాదు. కానీ 1948లో సెనేట్ సీటు కోసం సొంత పార్టీలోనే అప్పటి గవర్నర్నీ, ఒక మాజీ గవర్నర్నీ ఓడించింది. దానికి ఏ సానుభూతి సరిపోతుంది చెప్పండి? రెండు సభల్లోనూ పనిచేసిన తొలి మహిళ అయింది. సైన్యంలో ఆడవాళ్లకి శాశ్వత హోదా ఇచ్చిన 1948 చట్టం వెనక ఆమె పట్టుదల చాలా ఉంది.

అప్పట్లో సెనేటర్ మెకార్తీ ఎవరిమీద పడితే వాళ్లమీద కమ్యూనిస్టు ముద్ర వేసేవాడు. పెద్దపెద్దవాళ్లే నోరు మెదపలేదు. ఆయనది తన పార్టీయే అయినా 1950 జూన్ 1న సభలో లేచి ఆ పద్ధతిని ఖండించింది. ఆమె వెంట నిలిచింది ఆరుగురే. తర్వాత మెకార్తీ ఆమెని ఒక ఉపసంఘం నుంచి తీసేసి, ఆ స్థానంలో నిక్సన్‌ని వేసుకున్నాడు.

ఇక 1964. అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని జనవరిలో ప్రకటించింది. వయసు 66. పత్రికలవాళ్లు విధానాలకంటే ఆ వయసు గురించే ఎక్కువ రాశారు. మగ అభ్యర్థులకి ఆ బాధ ఉండేదా అని నాకు అనుమానం! ఆమె దగ్గర డబ్బు లేదు. ఎవరైనా విరాళం చెక్కు పంపితే తిప్పి పంపేసేది. సెనేట్‌లో ఓటింగ్ ఉన్న రోజు ప్రచారానికి వెళ్లేదే కాదు. సభ లేనప్పుడే జనం దగ్గరికి! న్యూహాంప్‌షైర్‌లో ఎముకలు కొరికే చలిలో తిరిగితే అయిదో స్థానం వచ్చింది. ఇల్లినాయిలో మాత్రం 2 లక్షలకి పైగా ఓట్లు, అంటే దాదాపు నాలుగో వంతు.

ఈ పంతం ఆమెకి నష్టమే చేసిందనిపిస్తుంది నాకు. గెలవాలనుకునేవాళ్లు ఇలా చేయరు. కానీ జీతమిచ్చే పని వదిలి పెద్ద పదవి వెంట పరిగెత్తడం ఆమెకి చేతకాలేదు.

జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో 27 ఓట్లొచ్చాయి. గోల్డ్‌వాటర్ గెలిచాక ఆయన ఎన్నికని ఏకగ్రీవం చేద్దామన్నా తన పేరు వెనక్కి తీసుకోలేదు.

1955 నుంచి వరసగా 2,941 ఓటింగుల్లో ఒక్కటీ తప్పలేదు. 1968లో తుంటి ఆపరేషన్ చేయించుకోవాల్సి రావడంతో ఆ వరస తెగింది. 1972లో ఓడిపోయి స్కౌహీగన్ వచ్చేసింది. అక్కడ తన ఇంటినే ఆనుకుని 1982లో తన పేరిట గ్రంథాలయం తెరిచారు. ఎప్పట్లాగే గుండెల మీద ఒక గులాబీ పెట్టుకుని, 1995లో కన్నుమూసేదాకా అక్కడికొచ్చే బడిపిల్లలతో కబుర్లు చెప్పేది.