మహనీయుల జీవితాలు: మైకేల్ ఫారడే
(కరెంటు పని నేర్చుకోదలచిన వారికి)



మన గోడపత్రికలో ఈ నెల మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నేను మైకేల్ ఫారడే గారిని ఎంచుకున్నాను. కారణం ఉంది. పదో తరగతి పాసయ్యాక ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరతామని మన వెంకటాచలం బడిలో చాలామంది అంటున్నారు. అన్న వెంటనే, అక్కడ కూడా లెక్కలుంటాయంట గదా అని వెనక్కి తగ్గుతున్నారు. ఉంటాయి. రెండేళ్ల కోర్సు అది. అందులో వర్క్‌షాప్ లెక్కలు చేయాలి, చేసిన ప్రతి పనికీ రికార్డు రాయాలి. చేతి పనికి రాత ఎందుకు, లెక్క ఎందుకు అనేవాళ్లు ఈయన కథ చదవండి.

ఫారడే గారు 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండు దేశంలో, లండన్ నగరం అంచున జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఎప్పుడూ జబ్బుతో ఉండేవాడు, కొలిమి దగ్గరికి పోయిన రోజులు తక్కువ. నలుగురు పిల్లలు. 1801లో తిండిగింజల ధరలు పెరిగినప్పుడు తల్లి మైకేల్‌కు ఒక రొట్టె ఇచ్చి వారమంతా దానితోనే సరిపెట్టుకోమన్నదట. నెలాఖరులో చౌకడిపో బియ్యం అయిపోతే ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

బడి చదువు కూడా అంతంత మాత్రమే. చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు, అంతటితో సరి. చిన్నప్పుడు ర అక్షరం సరిగా పలికేది కాదు. అన్న పేరు రాబర్ట్. ఆ పేరు సరిగా పలకలేదని పంతులమ్మకు కోపం వచ్చి, బెత్తం కొనుక్కురమ్మని ఆ అన్నకే చిల్లర ఇచ్చి పంపిందట. రాబర్ట్ ఆ చిల్లర గోడ అవతలికి విసిరేసి ఇంటికి పోయి అమ్మతో చెప్పాడు. అమ్మ ఇద్దరినీ ఆ బడి మాన్పించింది. మన యాస విని నవ్వే వాళ్లు మనకూ తగిలారు కాబట్టి ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

1804లో, పదమూడో ఏట, రీబో అనే ఆయన పుస్తకాల అంగడిలో పనికి కుదిరాడు. మొదట ఇంటింటికీ పత్రికలు వేయడం. మరుసటి ఏడు నుంచి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. ఏడేళ్లు నేర్చుకోవాలని ఒప్పందం. అంటే ఇప్పటి అప్రెంటిస్ లాంటిదే. అట్ట వేయడానికి వచ్చిన పుస్తకాన్ని అట్ట వేసే లోపల చదివేసేవాడు. అలాగే ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం కంటబడింది. జేన్ మార్సెట్ అనే ఆమె రసాయన శాస్త్రం మీద సంభాషణల రూపంలో రాసిన పుస్తకమూ దొరికింది. చదివి ఊరుకోలేదు. చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో సీసాలు కొని, రాపిడితో విద్యుత్తు పుట్టించే చిన్న యంత్రం తయారు చేసుకున్నాడు.

ఆ రోజుల్లో టాటమ్ అనే ఆయన సాయంత్రం పూట విజ్ఞాన ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఒక్కోదానికి ఒక షిల్లింగు రుసుము. ఆ షిల్లింగు అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. అన్న కూడా కమ్మరి పనిలోనే ఉన్నాడు. ఫారడే విన్నదంతా రాసుకుని, ఇంటికొచ్చి శుభ్రంగా మళ్లీ రాసేవాడు. పరికరాల బొమ్మలు వేయడం రాదు. అంగడి మేడ మీద ఒక చిత్రకారుడు అద్దెకు ఉంటే ఆయన గది తుడిచి, బూట్లకు నల్లరంగు పూసి, బదులుగా బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. సర్క్యూట్ బొమ్మ గీయమంటే విసుక్కునే తమ్ముళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

1812లో అంగడికి వచ్చే ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ గారి ఉపన్యాసాలకు నాలుగు టికెట్లు ఇచ్చాడు. డేవీ అంటే అప్పటికి దేశమంతా పేరు మోగిన రసాయన శాస్త్రజ్ఞుడు. ఫారడే నాలుగూ విన్నాడు, రాసుకున్నాడు, బొమ్మలు వేశాడు. సుమారు 300 పేజీలైంది. తానే కుట్టి అట్ట వేసి, ఆ డిసెంబరులో పని ఇప్పించమని ఒక ఉత్తరంతో పాటు డేవీకి పంపాడు. అంతకు ముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడికి రాస్తే జవాబే రాలేదు. ఈసారి వచ్చింది. 1813 మార్చి 1న ప్రయోగశాలలో సహాయకుడిగా ఉద్యోగం. వారానికి 25 షిల్లింగులు, పైన రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు.

చూశారా! ఆయన దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు, ఎవరి సిఫారసూ లేదు. రాసిన నోటుపుస్తకమే సర్టిఫికెట్టు అయింది.

ఇక్కడ మా పెదనాయన మాట చెప్పాలి. ఆయన రొయ్యల గుంటల మీద మోటార్లు, ఏరియేటర్లు బాగుచేస్తాడు. శబ్దం విని బేరింగు పోయిందో, ఒక ఫేజు పోయిందో చెప్పగలడు. అయినా ఇరవై ఏళ్లుగా హెల్పర్ కూలే. ఎందుకంటే ఎంత వైరు కావాలో ఎస్టిమేటు రాయడం రాదు, చేసిన పని కాగితం మీద పెట్టడం రాదు. కాంట్రాక్టరు దగ్గర ఆ రెండు రాసే కుర్రవాడికి జీతం ఎక్కువ, పని మాత్రం పెదనాయనే చేస్తా ఉండాడు. ఇది మన వాళ్లలో ఒక్కరి కథ కాదు.

సరే, కథలోకి వద్దాం. 1813 నుంచి 1815 వరకు డేవీ దంపతులతో ఫారడే యూరపు దేశాలు తిరిగాడు. పేరుకు సహాయకుడు, కానీ డేవీ భార్య ఆయనను నౌకరు లాగే చూసింది. విసిగి తిరిగి వచ్చేద్దామా అనుకున్నాడు కూడా. గొప్ప శాస్త్రజ్ఞులను చూడాలన్న ఆశతో ఓర్చుకున్నాడు.

1821లో కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేటట్టు చేశాడు. మోటారుకు అది తొలి మెట్టు. మరి ఆ వ్యాసం తొందరపడి అచ్చు వేయించడంలో, అదే విషయం మీద ముందే ఆలోచించిన వోలాస్టన్ అనే పెద్దాయన పేరు రాయలేదు. దొంగిలించాడని నింద వచ్చింది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో కాగితం మీద లేకపోతే ఎంత గొడవో దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు సంగతి 1831 ఆగస్టు 29న జరిగింది. ఒక ఇనుప వలయం తీసుకుని, దాని ఒక పక్క ఒక తీగ చుట్ట, రెండో పక్క ఇంకో తీగ చుట్ట చుట్టాడు. రెండూ ఒకదానికొకటి తగలవు. మొదటి చుట్టకు బ్యాటరీ కలిపినప్పుడు రెండో చుట్ట దగ్గరున్న సూది ఒక్కసారి అదిరింది. తర్వాత ఊరుకుంది. బ్యాటరీ తీసినప్పుడు మళ్లీ అదిరింది. కరెంటు ఊరికే పారుతుంటే ఏమీ లేదు, మారినప్పుడే ఉంది! అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసి, లాగి కరెంటు పుట్టించాడు. ఆ నెలలోనే రాగి పళ్లెం అయస్కాంతం మధ్య తిప్పి ఆగకుండా కరెంటు వచ్చేటట్టు చేశాడు. మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఇనుప వలయమే. నేలటూరు థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్లు ఇచ్చే జనరేటర్లు ఆ రాగి పళ్లెం మనవళ్లే. వెంకటాచలం స్టేషన్లో రైళ్ల పైన వేలాడే 25,000 వోల్టుల తీగకు కూడా మూలం అదే.

సూది అదిరింది ఒక్క క్షణమే. అదిరినప్పుడు ఒకలా, ఊరుకున్నప్పుడు ఒకలా రాసుకున్నాడు కాబట్టే సంగతి దొరికింది. ప్రయోగాల డైరీలో పేరాలకు వరుస నంబర్లు వేస్తూ పోయాడు. చివరికి ఆ నంబరు 16 వేలు దాటింది. తేదీ, ఏం కలిపాడు, ఏం చూశాడు, ఏం కాలేదు. కాలేదన్నది కూడా రాసేవాడు. భూమ్యాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధం ఉందేమోనని చాలా తంటాలు పడి, ఏమీ దొరకలేదని కూడా అచ్చు వేయించాడు. నడివయసులో జ్ఞాపకశక్తి దెబ్బతిన్నది. అప్పుడు ఆ నంబర్లే ఆయనకు ఊతకర్ర అయ్యాయి.

మనం రాయాల్సిన పని రిపోర్టు కూడా ఇదే పద్ధతి. మచ్చుకు ఒకటి రాస్తాను. ఉదయం 6-10కి వంటగది వెనుక బోరు మోటారు తిరగలేదు. స్టార్టరుకు వచ్చే మూడు ఫేజులూ న్యూట్రల్‌తో కొలిస్తే 232, 229, సున్నా. మెయిన్ ఆపి చూస్తే మూడో ఫేజు ఫ్యూజు పోయి ఉంది. అదే సైజు ఫ్యూజు తీగ వేశాను. 6-35కి మోటారు తిరిగింది. ఫ్యూజు ఎందుకు పోయిందో ఇంకా తెలియలేదు, సాయంత్రం కరెంటు కొలిచి చూడాలి. ఇంతే! చివరి వాక్యమే ముఖ్యం. మర్నాడు డ్యూటీకి వచ్చేవాడి ప్రాణం ఆ వాక్యం మీద ఉండొచ్చు.

ఇక లెక్కల సంగతి. ఫారడే గారికి లెక్కలు రావు కాబట్టి మనకూ అక్కరలేదని కొందరు అన్నలు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఆయనకు రానివి పెద్ద బీజగణితం, కలనగణితం. చిన్న లెక్కలు చక్కగా వచ్చు. 1833లో ఆయన కనుక్కున్న సూత్రం చూడండి. ద్రావణం గుండా ఎంత విద్యుత్తు పంపితే అంత పదార్థం విడిపోతుంది. రెట్టింపు పంపితే రెట్టింపు. అది మన త్రైరాశికమే గదా! వెండి పూత పనివాళ్లు ఇప్పటికీ దానితోనే లెక్క కడతారు.

ఎలక్ట్రీషియన్‌కు రోజూ కావలసింది కూడా ఇంచుమించు ఇదే. మన డార్మిటరీలో 75 వాట్ల ఫ్యాన్లు 10 ఉన్నాయనుకోండి. మొత్తం 750 వాట్లు. రాత్రి 10 గంటలు తిరిగితే 7,500, దాన్ని వెయ్యితో భాగిస్తే ఏడున్నర యూనిట్లు. 750ని 230 వోల్టులతో భాగిస్తే సుమారు మూడుంబావు ఆంపియర్లు. ఈ లెక్క చూసుకోకుండా సన్న తీగకే ఇంకో నాలుగు హీటర్లు తగిలిస్తే తీగ కాలుతుంది. వోల్టేజీ పడిపోతే గుంట మీద మోటారు అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగి ఎందుకు మాడిపోతుందో కూడా ఈ భాగహారమే చెబుతుంది.

ఫారడే రాసిన బలరేఖల ఊహను మాక్స్‌వెల్ అనే యువకుడు 1850లలో గణితంలోకి మార్చాడు. అప్పుడు ఫారడే ఆయనకు 1857లో ఉత్తరం రాసి, గణితంలో తేల్చిన సంగతులను మామూలు మాటల్లో కూడా రాస్తే మాలాంటి వాళ్లం ప్రయోగం చేసి చూస్తాం గదా అని అడిగాడు. ఇది అడగడానికి ఆయన సిగ్గుపడలేదు.

ప్రభుత్వ పనులకు కూడా ఆయన రిపోర్టులు రాశాడు. 1844లో హాస్వెల్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 95 మంది చనిపోయారు. విచారణకు లయెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడితో పాటు ఫారడేను పంపారు. గనిలో గాలి వేగం ఎలా కొలుస్తారని అడిగితే, చిటికెడు తుపాకిమందు కొవ్వొత్తి మంటలో వేసి, ఆ పొగ ఇంత దూరం పోవడానికి ఎంత సేపు పట్టిందో గడియారం చూస్తామని చెప్పారట. మరి మందు ఎక్కడ పెడతారంటే, మూటగట్టి జాగ్రత్తగా పెడతామన్నారు. ఆ మూట ఎక్కడంటే, ఆయన కూర్చున్నది దాని మీదే! బొగ్గు దుమ్ము కూడా మంటను పెంచుతుందని ఆ రిపోర్టులో స్పష్టంగా రాశారు. చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

1836 నుంచి దీపస్తంభాల సంస్థకు సలహాదారుగా ఉన్నాడు. 1858లో సౌత్ ఫోర్‌లాండ్ దీపస్తంభంలో, తాను కనిపెట్టిన సూత్రంతో నడిచే యంత్రం పెట్టి విద్యుద్దీపం వెలిగించారు. అది సరిగా వెలుగుతున్నదో లేదో చూసి రిపోర్టు రాయాలి. 1860 ఫిబ్రవరిలో దారులన్నీ మంచుతో మూసుకుపోతే, 68 ఏళ్ల మనిషి కంచెలు, గోడలు ఎక్కి దాటి, పొలాలకు అడ్డంపడి నడిచి పోయి చూసి వచ్చాడు. ఎవరో చెప్పింది విని రాయలేదు.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నాడు. పిల్లలకు క్రిస్మస్ సెలవుల్లో ఉపన్యాసాలు చెప్పడం మాత్రం చాలా ఇష్టం. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో, రాణి విక్టోరియా ఇచ్చిన ఇంట్లో, కుర్చీలో కూర్చునే కన్నుమూశారు.

మన ఫ్యాను పైగిన్నెలో ఒక చిన్న కండెన్సరు ఉంటుంది. ఈసారి ఫ్యాను బాగుచేయడానికి మేస్త్రీ వచ్చి, మెయిన్ ఆపి దాన్ని విప్పినప్పుడు అడిగి తీసుకుని చూడండి. 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. ఫారడ్ అంటే ఈయన పేరే. మైక్రో అంటే పది లక్షలో ఒక వంతు. ఫారడ్‌లో 2.5 మైక్రోలు అంటే దశాంశ బిందువు తర్వాత ఎన్ని సున్నాలు వస్తాయో వేసి, జవాబు ఈ కాగితం కింద అతికించిన తెల్ల చీటీ మీద పేరు, తరగతితో రాయండి.

10వ తరగతి విద్యార్థి