మల్కిభరాముడు

క్రీ. శ. 1543వ సంవత్సరమున గోలకొండలో ఘోరమైన హత్య యొకటి జరిగెను. కుతుబ్ షాహీ రాజ్యమును స్థాపించిన సుల్తాన్ కులీ వృద్ధుడై మసీదులో ప్రార్థన చేయుచుండగా చంపబడెను. ఆ హత్యకు కారకుడు ఆయన కుమారుడు జంషీదే. జంషీదు యువరాజైన కుతుబుద్దీను కన్నులు తీయించి తాను సింహాసనమెక్కెను. మరియొక సోదరుడు ఇబ్రహీము అప్పుడు దేవరకొండలో నుండెను. తన వంతు వచ్చు వరకు వేచియుండుట అవివేకమని అతడు బీదరునకు పారిపోయెను. అచటను నిలువ నీడ దొరకలేదు. తుదకు కృష్ణానదిని దాటి విజయనగరము చేరెను.

విజయనగరమున సింహాసనముపై కూర్చున్నవాడు సదాశివరాయలే యైనను, అధికారమంతయు అళియ రామరాయల చేతిలో నుండెను. ఆయన శ్రీకృష్ణదేవరాయల అల్లుడు, మిక్కిలి బుద్ధిశాలి. శరణు జొచ్చిన రాకుమారుని ఆదరించి, జీవనమునకు జాగీరు నిచ్చెను. ఆ జాగీరు అంతకు పూర్వము అంబరుఖాను అను సర్దారునిది. తన భుక్తి పోయినందుకు అంబరుఖాను పగబట్టి ఇబ్రహీమును వీధిలో అవమానించెననియు, ఇరువురును కత్తులు దూసి ద్వంద్వయుద్ధము చేయగా ఇబ్రహీమే గెలిచెననియు గోలకొండ చరిత్రకారులు వ్రాసిరి.

ఏడేండ్లు అతడు ఆ నగరమున నివసించెను. తెలుగు నేర్చెను, కావ్యములు వినుటయందు ప్రీతి పెంచుకొనెను. కృష్ణదేవరాయలు గతించి అప్పటికి ఇరువది యేండ్లు కాకున్నను, ఆ సభల కీర్తి జనుల నోళ్ళలో నింకను నిలిచియుండెను. పరదేశి బిడ్డకు అది యొక గొప్ప పాఠశాల యయ్యెను.

1550లో జంషీదు మరణించెను. వాని కొడుకు పసివాడు. గోలకొండలో కొందరు ప్రముఖులు ఇబ్రహీమును పిలిచిరి. కోటలను కాపాడు తెలుగు భటులగు నాయకవాడీలు ఆయన పక్షమున నిలిచిరి. ఇట్లు ప్రాణభీతితో వెడలిన యువకుడు ఇబ్రహీం కుతుబ్ షాయై తిరిగివచ్చెను.

ఆనాటి దక్కనులో అహమ్మదునగరము, బిజాపురము, గోలకొండ, బీదరు, బీరారు అను ఐదు సుల్తానుల రాజ్యము లుండెను. వానిలో వానికి పొత్తు లేదు. షోలాపురము కోట మాదియని అహమ్మదునగరమును, మాదేయని బిజాపురమును ఏండ్ల తరబడి రక్తము చిందించినవి. కల్యాణి కోట సంగతియు నంతే. రామరాయలు ఈ కలహములను నేర్పుగా వాడుకొనెను. నేడొక సుల్తానునకు తోడు నిలిచి, రేపు వానిపైననే మరియొకరికి సాయపడి, ప్రతి పోరునను విజయనగరమునకే లాభము కలుగునట్లు చేసెను. 1558 తరువాత బిజాపురపు అలీ ఆదిల్ షా కొరకు అహమ్మదునగరముపై దండెత్తినపుడు ఇబ్రహీము సేనయు ఆయన వెంట నడువవలసివచ్చెను. ఆశ్రయ మిచ్చినవాని మాట కాదనుట కష్టము. అయిననది ఇష్టపడి చేసిన సాయము కాదు.

పిమ్మట ఇబ్రహీము అహమ్మదునగరాధిపతి హుసేన్ నిజాం షా కుమార్తెను వివాహమాడి, మామతో కలిసి కల్యాణిని ముట్టడించెను. రామరాయలును, అలీయు వచ్చిపడగా ఆ ముట్టడి చెదరిపోయెను. గోలకొండ సీమ దోపిడికి గురియయ్యెను. పానుగల్లు వంటి కోటలు విజయనగరము వశమయ్యెను. ఇంకొక చిత్రము గూడ కలదు. ఇబ్రహీముపై తిరుగబడిన జగదేవరావు అను నాయకునకు ఇప్పుడు ఆశ్రయ మిచ్చినవాడు రామరాయలే! పూర్వము తనను కాపాడిన గొడుగు ఇపుడు తన శత్రువుపై నీడ పట్టుచుండెను. రామరాయలు ఈ తీరుననే సాగినచో తన రాజ్యము మిగులునా యను శంక ఇబ్రహీము మనస్సున బలపడెను.

ఒకనినొకడు నమ్మని వారిని ఏకము చేయుట సామాన్యకార్యము కాదు. ఈ యోచన మొదట చేసినది అలీయని బిజాపుర చరిత్రకారులును, ఇబ్రహీమని గోలకొండ వారును చెప్పుదురు. రాయబారము నడిపినది మాత్రము గోలకొండ మంత్రి ముస్తఫాఖాను. అతడు అహమ్మదునగరమునకును, బిజాపురమునకును తిరిగి రెండు పెండ్లిండ్లు కుదిర్చెను. హుసేను కుమార్తె చాందుబీబీని అలీకిచ్చిరి. అలీ చెల్లెలిని హుసేను కొడుకునకు చేసిరి. ఏండ్ల తగవునకు మూలమైన షోలాపురమును హుసేను కూతునకు అరణముగా నిచ్చెను. ఇట్లు నిన్నటి వరకు కత్తులు దూసిన అలీయు, ఇబ్రహీమును తోడల్లుండ్రైరి. బీదరు సుల్తాను అలీ బరీదు వీరితో చేరెను. బీరారు మాత్రము దూరముగనే యుండెను.

దీనిని కేవలము మతయుద్ధమని తలచుట సరికాదు. రామరాయల సేనలో ముస్లిము సర్దారులుండిరి. గోలకొండ కోటలను కాచినవారు తెలుగు నాయకవాడీలు. నానాటికి పెరుగుచున్న విజయనగర బలమును చూచి కలిగిన భయమే వీరి నొకచోట చేర్చినది.

1564 డిసెంబరులో మిత్రసేనలు తళ్ళికోటకు చేరెను. కృష్ణ రేవును రామరాయల సైన్యము కాపాడుచుండెను. సుల్తానులు వేరొకచోట నదిని దాటుదురన్నట్లు నటించి, కాపలాను అటు మరలించి, వేగముగా వెనుకకు వచ్చి నది దాటిరి. 1565 జనవరి 23వ తేదీన యుద్ధము జరిగెను. దీనినే రక్కసి-తంగడి యుద్ధమనియు నందురు. నడుమ హుసేను, కుడివైపున అలీ, ఎడమవైపున ఇబ్రహీమును, బరీదును నిలిచిరి. రామరాయలు ముదుసలియయ్యు స్వయముగా రణభూమికి వచ్చెను. ఆయన సేన తొలుత శత్రువులను వెనుకకు నెట్టెను. అంతట హుసేను ఫిరంగులు రాగి నాణెములను దట్టించి ప్రేల్చగా ముందువరుసలు కూలిపోయెను. రామరాయలు పట్టువడెను. హుసేను వెంటనే ఆయన శిరస్సు ఖండింపజేసెను. తమ్ముడు వెంకటాద్రి మడిసెను. వేరొక తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, బొక్కసమును తీసికొని పెనుగొండకు తరలిపోయెను.

ఏడేండ్లు అన్నము పెట్టిన నగరము నెలల తరబడి దోపిడి యయ్యెను. దోచుకొన్న సేనలలో గోలకొండ సేనయు నుండెను. అపుడు ఇబ్రహీము మనస్సులో ఏమి మెదలెనో ఏ గ్రంథమును చెప్పదు.

భయము తొలగినది, దానితో పొత్తును తొలగినది. ఆ యేడే హుసేను మరణించెను. కొలదికాలములోనే అహమ్మదునగరము, బిజాపురము, గోలకొండ మరల ఒకదానిపై నొకటి సేనలు నడుపసాగినవి. ఇబ్రహీము చూపు తూర్పునకు మరలెను. రాజమహేంద్రవరము ఆయన వశమయ్యెను. 1579లో ఆయన సేనలు అహోబిలమును గూడ కొల్లగొట్టెను.

అయినను తెలుగు కవులు ఈ రాజును మల్కిభరాముడని ముద్దుగా పిలిచి తమవానిగా చేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. కందుకూరి రుద్రకవి ఆయన వలన చింతలపాలెము అగ్రహారమును పొందెను. ఆయన ఉద్యోగియగు అమీనుఖానునకు పొన్నిగంటి తెలగన్న యయాతి చరిత్రము నంకితము చేసెను; అచ్చతెనుగు కావ్యములలో అదియే మొదటిది. విజయనగర వీధులలో పరదేశిగా నేర్చిన తెలుగు ఈ విధముగా ఫలించినది.

ఆయన కాలముననే 1562లో హుసేన్ సాగరము త్రవ్వబడెను. ఇబ్రహీంపట్నము చెరువు నేటికిని ఆయన పేరు మోయుచున్నది. గోలకొండ నుండి జనులు మూసీ దాటుటకు 1578లో రాతివంతెన కట్టించెను. దానినే నేడు పురానాపూల్ అందురు. 1580లో ఇబ్రహీము మరణింపగా, తళ్ళికోట యుద్ధము జరిగిన యేడు పుట్టిన ఆయన కుమారుడు మహమ్మద్ కులీ రాజయ్యెను. పదునొకండేండ్లకు ఆ వంతెనకు ఆవలి యొడ్డున హైదరాబాదు నగరము వెలసెను.